గోగు పూల రంగు, శేషాద్రి గారి కెమిస్ట్రీ

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల తొమ్మిదో తరగతి పిల్లలు ల్యాబులో పూల రంగులు విడదీయబోతున్నారు. ఇంటి నుంచి ఏం పంపాలో చెప్పేముందు, ఈ పనిని మన వాల్తేరులో పెద్ద ఎత్తున చేసిన ప్రొఫెసర్ టి.ఆర్. శేషాద్రి గారి గురించి నాలుగు మాటలు.

ఆయన 1900లో తిరుచిరాపల్లి ప్రాంతంలోని కుళితలైలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ రాబిన్సన్ దగ్గర 1929లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. అక్కడి నుంచి ఆస్ట్రియాలోని గ్రాజ్ వెళ్లి ఫ్రిట్జ్ ప్రెగెల్ దగ్గర సూక్ష్మ విశ్లేషణ నేర్చుకున్నారు. డిగ్రీ కన్నా ఈ విద్యే ఆయనకు ఎక్కువ అక్కరకొచ్చిందని నా అభిప్రాయం. పదార్థంలో కార్బన్, హైడ్రోజన్ ఎంతెంత ఉన్నాయో తేల్చడానికి పాత పద్ధతిలో వందల మిల్లీగ్రాములు కాల్చాలి. ప్రెగెల్ పద్ధతిలో మూడు నుంచి ఐదు మిల్లీగ్రాములు చాలు. గంపెడు పూలకు చిటికెడు రంగు మాత్రమే దక్కే పని మరి.

1933లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి, 1937లో ప్రొఫెసర్ అయ్యారు. పత్తి, గోగు, ఎర్ర గోంగూర, గంగరావి పూలు ఆయన బృందానికి ముడిసరుకు. ఎర్ర గోంగూర పూల నుంచి తీసిన హైబిసిట్రిన్ అనే రంగు పదార్థం ఆ రోజుల్లోదే. ఎండిన పూలను వేడి ఆల్కహాలులో నానబెట్టి సారం తీయాలి. రంగు పదార్థాన్ని శుద్ధిచేసి, పలచని ఆమ్లంతో మరిగిస్తే దానికి అంటుకున్న చక్కెర విడిపోతుంది. మిగిలిన అణువులో ఆక్సిజన్ ఎక్కడెక్కడ ఉందో తేల్చడానికి దాన్ని ముక్కలు చేసి చూడాలి, చివరికి అదే అణువును ల్యాబులో కట్టి రెండూ ఒకటేనని నిరూపించాలి. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలినా పరిశోధన ఆగలేదు. 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1960లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ సభ్యత్వం, 1963లో పద్మభూషణ్ వచ్చాయి. 1975లో కన్నుమూశారు.

ఇక మన ప్రయోగం. ఒక్కో విద్యార్థి గుప్పెడు బెండ పూలో గోగు పూలో తేవాలి. రేకుల అడుగున ఉండే ముదురు ఎరుపు మచ్చను కత్తిరించి పారేయండి. అది వేరే రంగు, రేకుల పసుపు రంగుతో కలిస్తే ఫలితం అర్థం కాదు. రేకులను తెల్ల కాగితం మీద పలచగా పరిచి నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టండి. ప్లాస్టిక్ కవరులో మూటకడితే చెమ్మపట్టి గోధుమరంగుకు తిరుగుతాయి, అలాంటివి పనికిరావు.

ల్యాబులో రెండు గ్రాముల ఎండు రేకులను 20 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో వేసి, గిన్నెను వేడినీళ్లలో ఉంచుతాం. మంట దగ్గరకు రానివ్వం. ఈ భాగం ఇంట్లో చేయనివ్వకండి. ఫిల్టర్ పేపరు పట్టీ మీద అడుగు నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తున పెన్సిల్‌తో గీత గీసి, సారాన్ని చుక్కగా పెట్టి, ఆరాక మళ్లీ అక్కడే, అలా ఐదారుసార్లు పెట్టాలి. పెన్నుతో గీస్తే సిరా కూడా పైకి పాకుతుంది. పట్టీని 15 శాతం ఎసిటిక్ ఆమ్లంలో నిలబెట్టినప్పుడు ద్రవం గీతకు కిందే ఉండాలి. చుక్క మునిగిందా, రంగంతా గ్లాసులోకి దిగిపోయినట్టే. చక్కెర అంటుకున్న రంగులు పైకి ప్రయాణిస్తాయి, చక్కెర లేనివి చాలావరకు గీత దగ్గరే ఉండిపోతాయి. ఆరిన పట్టీని అమ్మోనియా ఆవిరికి చూపిస్తే లేత మచ్చలు ముదురు పసుపు అవుతాయి. ఆవిరి పోగానే రంగు తగ్గుతుంది కాబట్టి మచ్చల చుట్టూ వెంటనే పెన్సిల్‌తో గీయాలి.

"కెమిస్ట్రీతో ఏం అవుతారు?" అని అడిగే తల్లిదండ్రులకు: ఇంటర్‌లో ఎంపీసీ అయినా బైపీసీ అయినా దారి ఉంది. బీఎస్సీ, ఎమ్మెస్సీ, ఆపై పీహెచ్‌డీ. ఎమ్మెస్సీకి ఐఐటీల్లో చేరాలంటే జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, పీహెచ్‌డీ ఫెలోషిప్పుకు సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష. ఏళ్లు పట్టే చదువే, దాచనవసరం లేదు.

రేకులను కాగితపు పొట్లంలో కట్టి, పైన పువ్వు పేరు, కోసిన తేదీ రాసి, వచ్చే సోమవారం లోపు సైన్స్ టీచరుకు అందజేయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు