మా నాయన బీడీ మానిన ఏడాది: తోడు నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

ఈ మార్చి 19న పరాభవ నామ సంవత్సర ఉగాది. కిందటేడు విశ్వావసు ఉగాది నాడు, అంటే 2025 మార్చి 30న, మా నాయన బీడీ మానేశారు. అది తన ఒక్కరి పట్టుదలతో జరిగిన పని కాదని ఇంటికి వచ్చిన ప్రతివారితోనూ ఆయన అంటూనే ఉన్నారు. "సాయం చేసినవాళ్ళకు నోటిమాటగా చెబితే చాలదు, నలుగురూ చదివే చోట రాయమ్మా" అని ఆయనే అడిగినందువల్ల, ఆయన అనుమతితో ఈ కృతజ్ఞతలు రాస్తున్నాను. ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వారికి తెలుస్తుంది.

మా నాయన యర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో కోత మిషను మీద పనిచేస్తారు. కడప బండ అని దేశమంతా పిలుచుకునే నల్ల సున్నపురాయిని పలకలుగా కోసి, నునుపు చేసి, ఇళ్ళ నేలలకూ వంటింటి గట్లకూ పంపే పని అది. నీళ్ళు పోస్తూ కోసినా, అంచులు చెక్కేటప్పుడూ, ఆరిన బురద గాలికి లేచినప్పుడూ దుమ్ము లోపలికి పోక తప్పదు. దానికి తోడు పెళ్ళికి ముందు నుంచీ ఉన్న బీడీ అలవాటు. 2024 చలికాలంలో పట్టుకున్న దగ్గు సంక్రాంతి వెళ్ళినా తగ్గలేదు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేది. అదే కాలంలో మా చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు ఇంటిల్లిపాదినీ పీడిస్తూ ఉండేది. నాయన అర్ధరాత్రి దాటాక లేచి, అరుగు మీద కూర్చొని బీడీ వెలిగించేవారు. బయట ఆ దగ్గు వినబడుతుంటే లోపల అమ్మకు నిద్ర పట్టేది కాదు. బీడీనీ బెంగనూ విడదీసి చూడకూడదని మాకు తెలియజెప్పినవారికి మేము అన్నిటికన్నా ఎక్కువగా రుణపడి ఉన్నాము.

వారిలో మొదటివారు కడప సర్వజన ఆసుపత్రిలో నాయనను చూసిన డాక్టరమ్మ. ఆమె ముందుగా ఎక్స్‌రే, కఫం పరీక్ష చేయించి, క్షయ లేదని నిర్ధారించుకున్నారు. రాతిదుమ్ము పీల్చేవారికి క్షయ సోకే ముప్పు మామూలుకన్నా ఎక్కువనీ, పొగ ఆ ముప్పును ఇంకా పెంచుతుందనీ చెప్పారు. ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్న మాకు విచిత్రంగా తోచింది: "పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటి బీడీ తాగుతారు?" లేచీ లేవగానే అని నాయన జవాబిచ్చారు. లేచిన అరగంటలోపే వెలిగించే మనిషి శరీరం నికోటిన్‌కు గట్టిగా అలవాటుపడి ఉంటుందనీ, అటువంటివారిని మనసు గట్టి చేసుకోమని మందలించి పంపితే లాభం ఉండదనీ, మొదటి వారాల్లో మందు సాయం కావాలనీ ఆమె వివరించారు. బీడీ సిగరెట్టుకన్నా చిన్నది కదా అని నాయనకు ఒక ధీమా ఉండేది. తునికాకులో గాలి సులువుగా ఆడదు కనుక బీడీ ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా పీల్చవలసి వస్తుందనీ, ఆ పీల్పుతో తారూ విషవాయువూ మరింత లోతుకు పోతాయనీ ఆమె ఓపికగా చెప్పిన తర్వాత గానీ ఆ ధీమా పోలేదు. అంత రద్దీలో, బయట వరుసలో జనం నిలబడి ఉండగా, ఒక బండల కూలీకి ఇంత వివరంగా చెప్పిన ఆ తల్లికి మా ఇంటిల్లిపాది నమస్కారాలు.

నికోటిన్ చూయింగ్ గమ్ వాడే పద్ధతి కూడా ఆమే నేర్పారు. మామూలు గమ్‌లా ఆపకుండా నమిలితే కడుపులో తిప్పుతుంది, ఎక్కిళ్ళు వస్తాయి. నెమ్మదిగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గలో ఒక పక్కకు పెట్టుకొని, ఆ చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. టీ తాగిన పదిహేను నిమిషాల దాకా గమ్ నోట్లో వేసుకోకూడదు, ఎందుకంటే టీ, కాఫీల్లో ఉండే ఆమ్లం నికోటిన్‌ను నోటి నుంచి ఒంటికి పట్టనివ్వదు. టీ, బీడీ జంటగా బతికిన మనిషికి ఈ చివరి నియమం అన్నిటికన్నా కష్టమైంది. దాని సంగతి కింద చెబుతాను.

రెండవ కృతజ్ఞత, ముఖం చూడని మనుషులకు. పొగాకు ప్యాకెట్ల మీద బొమ్మతో పాటు అచ్చువేసే 1800-11-2356 అనే నంబరును మనలో చాలామంది చూసి ఉంటారు, ఫోను చేసినవారు మాత్రం తక్కువే. అది పొగాకు మానదలచినవారికి ప్రభుత్వం పెట్టిన ఉచిత సహాయవాణి. 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వ్యాధుల సంస్థలో మొదలై, 2018లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కూ మరికొన్ని కేంద్రాలకూ విస్తరించింది. అక్కడ తెలుగులో మాట్లాడిన కౌన్సిలరు నాయన చేత ఒక తేదీ పెట్టించారు. ఫలానా రోజు నుంచి అని తేదీ పెట్టుకోకపోతే రేపు, ఎల్లుండి అంటూ జరుగుతూనే పోతుందని ఆయన మాట. నాయన "ఉగాది" అన్నారు. "పండుగ దాకా చూస్తూ కూర్చోకుండా, బీడీ మీదకు మనసు ఎప్పుడెప్పుడు పోతోందో, అప్పుడు మనసులో ఏమి మెదులుతోందో గమనిస్తూ రండి" అని ఆయన చెప్పారు. ఆ గమనింపులో బయటపడిన సంగతి ఏమిటంటే, నాయన తాగే బీడీల్లో సగానికి పైగా అప్పు గుర్తుకొచ్చినప్పుడు వెలిగించినవే.

ఇక మా వీధిలోని మామ గురించి ఎంత రాసినా తక్కువే. ఆయన నాయనతో పాటే ఫ్యాక్టరీలో పనిచేస్తారు, ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు, బీడీ కూడా ఒకే కట్టలోంచి పంచుకునేవారు. 2025లో రంజాన్ ఉపవాసాలు మార్చి 2న మొదలయ్యాయి. రోజా ఉన్నంతసేపు నీళ్ళే ముట్టని మనిషి బీడీ ఎక్కడ ముడతారు? సాయంత్రం రోజా విడిచాక మాత్రం చేయి జేబులోకి పోయేది. "పొద్దు పొడవకముందు నుంచి పొద్దుగుంకే దాకా లేకుండా ఉండగలుగుతున్నాను బావా, ఉండలేమన్నది అబద్ధమని దీంతో తేలిపోయింది. నువ్వు ఉగాదికి మానితే నేనూ నీతోనే మానతాను" అని ఆయన తనంతట తానే వచ్చి చెప్పారు. ఆ ఏడు మార్చి 30న ఉగాది, మర్నాడే రంజాన్ పండుగ. రెండు ఇళ్ళలోనూ ఒకేసారి బీడీ కట్టలు బయటికి పోయాయి.

ఉగాది పొద్దున నాయన వేపపూత పచ్చడి నోట్లో వేసుకున్నాక, ఇద్దరూ కలిసి దేవుని కడపకు వెళ్ళారు. బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడబిడ్డగా, లక్ష్మీ వేంకటేశ్వరస్వామిని అల్లుడిగా భావించి ఉగాది నాడు ముస్లిములు ఆ గుడికి రావడం మా ఊళ్ళో తరతరాలుగా ఉన్నదే కనుక, వారి రాక ఎవరికీ వింత కాలేదు. స్వామి ఎదుట ఒకరి చేతిలో ఒకరు చేయివేసి మాట ఇచ్చుకున్నారు. మర్నాడు పండుగ నమాజు అయ్యాక పెద్ద దర్గాకు వెళ్ళి అక్కడా అదే మాట అనుకున్నారు. నాయన ఒంటరిగా మాట ఇచ్చి ఉంటే అది ఎంతకాలం నిలిచేదో నేను చెప్పలేను. ఒకరు తప్పితే రెండోవారికి ముఖం చూపించాలనే బాధ్యత ఇద్దరినీ నిలబెట్టింది. మామకూ, సోంపు, వేయించిన శనగలు పొట్లాలు కట్టి ఇద్దరి జేబుల్లోనూ పెట్టి పంపిన అత్తకూ మేము రుణపడి ఉన్నాము.

మొదటి వారం చెడ్డగా గడిచింది. నికోటిన్ అందనప్పుడు వచ్చే చికాకు, నిద్రలేమి, తలనొప్పి తొలి రోజుల్లోనే తీవ్రంగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయని డాక్టరమ్మ ముందే చెప్పి ఉండడం వల్ల, నాయన కోపాన్ని మేము మనిషి కోపంగా తీసుకోలేదు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ మేస్త్రీ చేసిన మేలు పైకి చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పెద్దది. పనిచేసే చోట పొగ తాగకూడదన్న నిబంధన 2008 అక్టోబరు 2 నుంచీ దేశమంతటా ఉన్నా, మన ఫ్యాక్టరీల్లో దాన్ని పట్టించుకునేవారు అరుదు. ఆయన ఎవరినీ కసరకుండా, బీడీ తాగేవారిని గేటు బయటి చింతచెట్టు కిందకు పొమ్మని చెప్పి, విశ్రాంతి వేళలో మా నాయననూ మామనూ షెడ్డు ఇవతల పక్కన తనతో కూర్చోబెట్టుకున్నారు. టీ కొట్టు అన్న మరో అడుగు ముందుకు వేశారు. గమ్ నియమం విని, వాళ్ళిద్దరికీ టీ బదులు మంచినీళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు. అరువు మీద బీడీ కట్ట ఎవరు అడిగినా, వాళ్ళిద్దరి ఖాతాలో రాయనన్నారు. తన బేరం తగ్గుతుందని తెలిసి కూడా ఆ మాట మీదే నిలబడిన మనిషిని తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు నిండుతుంది.

అప్పు సంగతి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే బీడీ తిరిగి రాకుండా ఆపింది ఈ భాగమేనని మా నాయన నమ్మకం. మేము తెచ్చింది ఐదు రూపాయల వడ్డీకి. అంటే లక్షకు నెలకు ఐదు వేలు, ఏడాదికి అరవై వేలు. ఏడాదంతా కట్టినా అసలు అక్కడే ఉంటుంది. ఈ లెక్కను నాయన ఎన్నడూ కాగితం మీద పెట్టి చూడలేదు. చూడడానికే భయం, ఆ భయానికే బీడీ. అమ్మ ఉన్న పొదుపు సంఘం లీడరక్క ఒక సాయంత్రం వచ్చి, ఎవరికి ఎంత, ఏ వడ్డీకి, ఏ నెలలో ఎంత కట్టాం అని అంతా నోటుపుస్తకంలో రాయించారు. సంఘానికి వచ్చే బ్యాంకు రుణంలో అమ్మ వాటాను ముందుకు జరిపించడానికి మిగతా సభ్యులను ఒప్పించారు. తమ ఇళ్ళలోనూ అవసరాలున్న ఆ అక్కచెల్లెళ్ళు తమ వంతును వెనక్కు జరుపుకొని సంతకాలు పెట్టారు. ఆ డబ్బుతో పెద్ద వడ్డీ అప్పు తీర్చి, ఇప్పుడు రూపాయి లోపు వడ్డీకి వాయిదాలు కడుతున్నాము. అప్పు మొత్తం తీరిపోలేదు. అయినా ఏ నెలలో ఎంత కట్టాలో, ఏ నెలతో ముగుస్తుందో తెలిసిన తర్వాత, నాయన అర్ధరాత్రి అరుగు మీద కూర్చోవడం తగ్గింది. మనిషికి అలవాటు మాను అని చెప్పేవారు ఊరినిండా ఉంటారు. ఆ అలవాటు కింద ఉన్న బరువులో ఒక కొసను తమ భుజాన వేసుకున్నవారు వీళ్ళు.

ఆషాఢంలో ఒక చేదు రోజు వచ్చింది. అప్పు ఇచ్చిన మనిషి పాత లెక్క ఏదో తీసి, ఫ్యాక్టరీ గేటు దగ్గర నలుగురిలో నిలదీశాడు. ఆ సాయంత్రం నాయన ఒక బీడీ తాగారు. ఇది దాచవద్దని ఆయనే అన్నారు. ఇక అంతా పోయిందని కుంగిపోయి, రెండు రాత్రులు అన్నం సరిగా తినలేదు. అప్పుడు 14416 నంబరుకు ఫోను చేశాము. అది 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్, మనసు బాగులేనప్పుడు పగలైనా రాత్రయినా తెలుగులో మాట్లాడగలిగిన చోటు. ఒక్క బీడీతో మానిన నెలలన్నీ చెరిగిపోవనీ, ఆ రోజు ఏమి జరిగిందో తెలిసింది కనుక రేపు అదే జరిగితే ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఇప్పుడే అనుకోమనీ అవతలి అమ్మాయి నిదానంగా చెప్పింది. నాయన "మా బావ దగ్గరికి" అన్నారు. ఆ తర్వాత మళ్ళీ ముట్టలేదు. నా కంటే చిన్న వయసు గొంతు అది. అర్ధరాత్రి వేళ మా నాయన ఏడుపును విసుక్కోకుండా విన్న ఆ చెల్లెలికి దీర్ఘాయుష్షు కలగాలి.

ఇప్పుడు దగ్గు చాలావరకు తగ్గింది, మెట్లు ఆగకుండా ఎక్కుతున్నారు. మానిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు, తాగేవారితో పోలిస్తే సుమారు సగానికి తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పిన మాటను నాయన వచ్చినవారందరికీ చెబుతున్నారు. దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు జరిగిన నష్టం నయం కాదు కనుక, పరీక్షలు క్రమంగా చేయించుకోవాలనీ మూతికి మాస్కు లేకుండా మిషను ముందు నిలబడవద్దనీ ఆమె చేసిన హెచ్చరిక కూడా అమలులో ఉంది. మాస్కులు ఇప్పుడు ఫ్యాక్టరీ వారే ఇస్తున్నారు, అందుకు వారికీ కృతజ్ఞతలు.

ఫ్యాక్టరీలో ఇంకొందరు ఈ ఉగాదికి మానాలని అనుకుంటున్నట్టు నాయన చెప్పారు. గమ్ వాడే పద్ధతి, ఫోను నంబర్లు, అప్పు లెక్క రాసుకునే విధం తెలుసుకోవాలనుకునేవారు మొహమాటపడకుండా ఆయననూ మామనూ అడగవచ్చు. పైన తలచుకున్న వారందరినీ పండుగ నాడు మా ఇంటికి భోజనానికి పిలుస్తున్నాము. ఆ రోజు మామ ఇంట్లో అందరికీ రోజా ఉంటుంది కనుక, ఓళిగలు పొద్దున కాకుండా సాయంత్రం ఇఫ్తార్ వేళకు వడ్డించాలని అమ్మ నిర్ణయించింది. దయచేసి అందరూ పొద్దుగుంకే సరికి రావలసిందిగా కోరుతున్నాము.