ఆ పాత్ర నా చేతికి వచ్చినప్పుడు

అమ్మలూ,

ప్రభువు నామంలో దీవెనలు. ఫోనులో నువ్వన్న మాటకు రాత్రి నిద్ర పట్టలేదు. మీ సంఘంలోకి వేరే భాషవాళ్లు వచ్చి చేరారనీ, ప్రసంగం వాక్యానికోసారి ఆపి తర్జుమా చేస్తుంటే విసుగొస్తోందనీ, అందుకని మీ యవ్వనస్థులు వేరే గదిలో విడిగా ఆరాధన పెట్టుకోవాలనుకుంటున్నారనీ చెప్పావు. "గొడవేం లేదు నాన్నా, ఎవరి వీలు వాళ్లది" అన్నావు. గబగబా ఏదో అనేయడం ఇష్టంలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

సొంత భాషలో దేవుణ్ణి స్తుతించాలనుకోవడం తప్పు కాదు. పెంతెకొస్తు దినాన పరిశుద్ధాత్ముడు అందరికీ ఒకే భాష నేర్పలేదు, ఎవరి భాషలో వాళ్లకు వినిపించాడు. నా దిగులు భాష గురించి కాదు, ఆ రెండో గది గురించి.

అంతియొకయలో జరిగింది గుర్తుందా? పేతురు అక్కడ అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి భోజనం చేస్తుండేవాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరనుంచి కొందరు యూదులు రాగానే భయపడి, మెల్లగా వెనక్కి తగ్గాడు. అతన్ని చూసి మిగతా యూదులు, చివరికి పౌలు జతపనివాడు బర్నబా కూడా. పేతురు తప్పుడు బోధేమీ చెయ్యలేదమ్మా, లేచి వేరేచోట కూర్చున్నాడంతే. అయినా పౌలు అందరి ఎదుట నిలదీశాడు, ఇది సువార్త సత్యానికి తగిన నడక కాదని.

యెరూషలేము దేవాలయంలో అన్యులు లోపలికి రాకుండా అడ్డుగోడ ఉండేది. దాటినవాడి చావుకు వాడే కారకుడని గ్రీకులో చెక్కిన రాయి 1871లో దొరికింది కూడా. క్రీస్తు "మధ్యగోడను పడగొట్టి" మన ఉభయులనూ ఏకం చేశాడని ఎఫెసీ పత్రికలో చదివినప్పుడల్లా నాకు ఆ రాయే గుర్తొస్తుంది.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. అప్పటికి నువ్వు పుట్టలేదు. ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకుని రొట్టె, ద్రాక్షారసం పంచుకునే బల్ల ఆరాధనలో పాత్ర ఒక్కటే, చేతులు మారుతూ వచ్చేది. ఆ రోజు నా పక్కన కొత్తగా బాప్తిస్మం తీసుకున్న మనిషి కూర్చున్నాడు. మా వాళ్లు కాదు, మా మాటా సరిగా రాదు. పాత్ర పట్టుకుంటే అతని వేళ్లు వణికాయి. తాగి, నా ముఖంలోకి చూసి, పాత్ర అంచును చొక్కా చేతితో రెండుసార్లు తుడిచి అందించాడు. నా మొహంలో ఏం కనబడిందో తెలిసిపోయింది నాకు. తాగినట్టు నటించి పక్కకి ఇచ్చేశాను.

ఇంటికెళ్లి మోకరిస్తే ప్రార్థన రాలేదు. ప్రభువు ఆ పాత్ర ఇస్తూ తన రక్తం గురించి చెప్పిన "అనేకులకొరకు చిందింపబడుచున్న" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఆ అనేకుల్లో నేనెలా చేరాను? నాలో ఏం చూసి రానిచ్చాడు? ఏమీ లేదు తల్లీ. ఆ మనిషిని లోపలికి పిలిచిన కనికరమే నన్నూ పిలిచింది. అతను ఆ బల్ల దగ్గర పరాయివాడైతే నేనూ పరాయివాణ్ణే. మరుసటి ఆదివారం వెళ్లి క్షమించమని అడిగాను. నా మాటలు అతనికి సగమే అర్థమై ఉంటాయి. నా చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

విసుగు అణచుకుని ఊరికే కూర్చోమనడం లేదు నేను. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మీ స్నేహితులతో కలిసి చదువు. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజూ పంచేదాంట్లో అన్యాయం జరుగుతోందని సణుగుడు లేచింది. అపొస్తలులు బల్లను రెండు చెయ్యలేదు. పంపకం ఏడుగురికి అప్పగించారు. స్తెఫను మొదలు నీకొలాసు దాకా ఆ ఏడూ గ్రీకు పేర్లే! ఎవరికి లోటు జరిగిందో వాళ్ల మనుషుల చేతికే పని ఇచ్చారని నాకనిపిస్తుంది. మీ పాస్టరుగారిని అడుగు, వాక్య పఠనం ఒక వారం వాళ్లను చెయ్యనివ్వమని. ప్రసంగం తర్జుమా ముందే కాగితం మీద రాసి ఇవ్వగలిగితే ఆ ఆపడాలూ తగ్గుతాయి. ఆ పని నువ్వు తీసుకోగలవు, నీ దస్తూరి బాగుంటుంది.

ఈ ఆదివారం వాళ్లలో ఒకరి పక్కన కూర్చో. ఆవిడ పేరు కనుక్కుని నాకు రాయి. మీ అమ్మా నేనూ ఆ పేరు పెట్టి ప్రార్థిస్తాం.

నాన్న