తిరప్తిలో ఇల్లు చూసుకునే ముందు

ఒరే మామా,

తిరప్తికి బదిలీ అయిందని రాసినావు, సంతోషం. ఊళ్ళో జనం ఎంతమంది, ఎట్ల ఉంటాది అని అడిగినావే, దానికి రెండు జవాబులుండాయి. 2011 లెక్కల్లో కార్పొరేషన్ లోపల 2,87,035 మంది. ఊరికి అంటుకుపోయిన అవిలాల, పేరూరు, తిరుచానూరు లాంటివి కలిపితే అప్పటికే నాలుగున్నర లక్షలు దాటింది. ఇది కాపురముండేవాళ్ళ లెక్క. కొండకి రోజూ వచ్చిపోయే అరవై డెబ్బై వేలమంది ఇందులో లేరు. ఆటో రేటు, ట్రాఫిక్కు, ఇంటద్దె మాత్రం వాళ్ళని బట్టే నడుస్తాయి.

అందుకని బస్టాండు, స్టేషను, లీలామహల్ సర్కిల్ పక్కన ఇల్లు చూడొద్దు. శనాదివారాలు, తిరుమల శనివారాలు (అరవోళ్ళ పెరటాసి నెల), బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి వచ్చినాయంటే ఆ పక్క బండి కదలదు. 2023లో పైవంతెన పూర్తిగా తెరిచినాక అలిపిరికి పోయే బండ్లు చాలావరకు పైనే పోతాండాయి, కింద కొంచెం ఊపిరాడతాది. ఆటో ఎక్కాలంటే బస్టాండు గేటు కాడ కాదు, వంద గజాలు నడిచి, "యాడికన్నా పోయేది?" అని మన యాసలో అడుగు. భుజాన సంచి, చేతిలో దర్శనం టోకెను కనపడితే రేటు మారిపోతాది.

ఇంటి విషయంలో మొదట అడగాల్సింది అద్దె కాదు, నీళ్ళు. కళ్యాణి డ్యామ్ నీళ్ళు, తెలుగుగంగ నీళ్ళు వస్తాయి గానీ ఏ వీధికి ఏ పూట, ఎంతసేపు అనేది పక్కింటోళ్ళని అడిగితేనే నిజం తెలుస్తాది. మిగతాది బోరు. కొళాయి మూతి చుట్టూ తెల్లగా పెచ్చు కట్టుంటే ఉప్పునీళ్ళని అర్థం. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎంత ఉడకబెట్టినా పలుకు పోదు, గీజరు తొందరగా చెడిపోతాది. ట్యాంకు ఎంతదో కూడా చూడు. మనిషికి రోజుకి 135 లీటర్లు వేసుకుంటే నలుగురికి 540. వెయ్యి లీటర్ల ట్యాంకు చాలనుకుంటావు. దర్శనానికని ఆరుగురు చుట్టాలు దిగితే 1350! తిరప్తిలో ఇల్లంటే సగం సత్రమే మామా, ఆ లెక్క వేసుకోకపోతే మధ్యాన్నానికి ట్యాంకు ఖాళీ.

రెండోది వాన. శేషాచలం వాలు మీద కురిసిందంతా కపిలతీర్థం పక్కనుంచి ఊళ్ళోకే దిగతాది. అది పోయి నిలవాల్సిన గుంటల్లో ఇప్పుడు ఇండ్లుండాయి. పేర్లు చూడు: కొర్లగుంట, తాతయ్యగుంట, తుమ్మలగుంట. కాబట్టి ఓనరుని "ఇక్కడ నీళ్ళు నిలుస్తాయా?" అని అడిగితే లాభం లేదు, లేదనే అంటాడు. "2021 నవంబరు వరదలో ఎన్ని మెట్లు మునిగినాయి?" అని అడుగు. కాంపౌండు గోడ మీద మురికి గీత ఎంత ఎత్తున ఉండాదో చూడు, దానికి సున్నం కొట్టినా అడుగున సిమెంటు ఉబ్బి ఉంటాది. వానలో రైలు పట్టాల కింది దారిలోకి మాత్రం బండి దించొద్దు.

మనుషులంటావా, దేవస్థానం ఉద్యోగులు, రిటైరై వచ్చి స్థిరపడినోళ్ళు, 1954 నాటి యస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ పిల్లోళ్ళు, స్విమ్స్, రుయా ఆసుపత్రులకి చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చే రోగులు. చెన్నై దగ్గర కాబట్టి అంగట్లో తెలుగు సగం, అరవం సగం.

అసలు తిరప్తోళ్ళని చూడాలంటే మే నెలలో గంగమ్మ తల్లికి చేసే గంగజాతరకి రా. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్ల నామం పూసుకుంటారు, బండ వేషానికి కుంకం, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. మగోళ్ళు చీరలు కట్టి తిరుగుతారు, నోటికొచ్చిన బూతులు తిడతారు, ఎవరూ ఏమీ అనుకోరు. వెంకన్న చెల్లెలని కొండమీద నుంచి సారె వస్తాది ఆ తల్లికి. తెల్లచొక్కా మాత్రం వేసుకోవద్దు, ఆ కుంకం మరక ఎన్ని ఉతుకులకీ పోదు.

ఇల్లు చూసేదానికి వానరోజే పెట్టుకో.