గేటు దాటిన బండి క్షేమంగా అటు చేరిందో లేదో చూడాలి

సంపాదకుడు గారికి,

దోర్నాల–శ్రీశైలం ఘాట్ రోడ్డులో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. రాత్రిపూట ఆ అడవిని దాని జంతువులకు వదిలేయాలన్న నియమం నూటికి నూరుపాళ్లూ సరైనదే, దాన్ని సడలించమని నేను అడగడం లేదు. దారికి రెండు కొసలా ఉన్న అటవీ శాఖ గేట్లు మూసేలోపు లోపలికి వెళ్లిన బండ్లన్నీ క్షేమంగా అటు తేలాయో లేదో చూసే ఏర్పాటు కావాలని అడుగుతున్నాను.

ఆషాఢంలో ఒక సాయంత్రం నేను, మావారు, మా అత్తగారు కారులో శ్రీశైలం బయల్దేరాం. తుమ్మలబయలు ఇంకా రాకముందే, ఎక్కుడులో టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. దిగి చూస్తే రేడియేటర్‌కి వెళ్లే రబ్బరు గొట్టం చివర చీలిపోయింది. మా రెండు ఫోన్లలోనూ సిగ్నల్ లేదు. రెండు కార్లు మమ్మల్ని చూసి కూడా ఆగకుండా వెళ్లిపోయాయి. వాళ్లని తప్పుపట్టను. చీకటిపడే వేళ అడవిలో చెయ్యి ఊపేవాళ్లని చూస్తే ఎవరికైనా భయమే. మా అత్తగారికి షుగర్, వేళకి తినాలి. ఆవిడ ఏమీ అనకుండా కూర్చోవడం చూసి నాకు ఇంకా టెన్షన్ పెరిగింది.

శ్రీశైలంలో కొబ్బరికాయలు దించి ఖాళీగా దోర్నాల వెళ్తున్న బొలెరో ట్రాలీ ఒకటి ఆగింది. డ్రైవరు పాతికేళ్ల కుర్రాడు. మావారు రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే "సార్, ఇప్పుడు తీస్తే మొహాన కొడతాది, ఆగండి" అని ఆపాడు. ముందు మా అత్తగారికి తన దగ్గరున్న అరటిపళ్లు ఇచ్చాడు. ఇంజిన్ చల్లబడ్డాక గొట్టం చీలిన మేర చాకుతో కోసేసి, మిగిలినదాన్ని మళ్లీ ఎక్కించి, తన బండిలో ఉన్న క్లిప్పు బిగించి, క్యాన్‌లో నీళ్లు పోశాడు. "పైకి పోవద్దమ్మా, మళ్లీ ఎక్కుడు పడితే ఈ గొట్టం నిలవదు. కిందకి పదండి, నేను ఎనకాలే వస్తా" అన్నాడు. దోర్నాల దాకా మా వెనకే నిదానంగా వచ్చి, మెకానిక్ షెడ్డు చూపించాడు. డబ్బులు ఇస్తే క్లిప్పు ఖరీదు మాత్రం తీసుకున్నాడు.

ఆ అబ్బాయికి చేతులెత్తి దండం పెడతాను. కానీ అతను పది నిమిషాల ముందే మమ్మల్ని దాటి ఉంటే? గేటు దగ్గర మా బండి నంబరు రాసుకున్నారు, డబ్బు కట్టించుకుని రసీదు ఇచ్చారు. ఆ నంబరు అవతలి గేటుకి చేరలేదన్న సంగతి మాత్రం రాత్రంతా ఎవరికీ తెలిసేది కాదు. ఇది అక్కడి సిబ్బంది తప్పు కాదు. వాళ్లకి ఆ పని ఎవరూ అప్పగించలేదు.

చేయాలనుకుంటే ఇదేమీ పెద్ద పని కాదు. తిరుమల ఘాట్ రోడ్డులో టైము వేసిన చీటీ ఇచ్చి, మరీ తొందరగా చేరిన బండిని పట్టుకునే పద్ధతి మనందరికీ తెలిసిందే. ఇక్కడ అదే చీటీతో మరీ ఆలస్యమైన బండిని పట్టుకోవచ్చు. ఇది దాదాపు 50 కిలోమీటర్ల దారి. మామూలుగా పట్టే సమయానికి ఇంకో గంట కలుపుకుని, అప్పటికీ రాని బండి నంబరు ఈ గేటు వాళ్లు ఆ గేటు వాళ్లకి వైర్‌లెస్‌లో చెప్పుకుంటే చాలు. అటవీ శాఖకు వైర్‌లెస్ సెట్లున్నాయి, అడవిలో బేస్ క్యాంపులున్నాయి, ఆ దారిలో ప్రతి మలుపూ తెలిసిన చెంచు యువకులు ఆ క్యాంపుల్లో పనిచేస్తున్నారు. రాత్రి గేటు మూశాక ఒక జీపు ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లి చూసి రావాలి. అందుకయ్యే ఖర్చు, ఆ యువకులకి ఇవ్వాల్సిన అదనపు కూలీ, గేటు దగ్గర మేం కట్టే రుసుములోంచే ఇవ్వవచ్చు.

సిగ్నల్ సంగతి కూడా రాయాలి. 112కి ఏ కంపెనీ టవర్ అందినా ఫోన్ కలుస్తుంది. ఏ టవరూ అందని చోట 112 లేదు, 108 లేదు, జాతీయ రహదారుల 1033 కూడా లేదు. 4జీ అందని 24,680 గ్రామాలకు టవర్లు వేయడానికి 2022లో కేంద్రం 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మంచి పనే. అయితే ఆ లెక్క గ్రామాలది. మనుషులు నివసించని రోడ్డు ముక్క మీద రోజూ ఎంతమంది ప్రయాణిస్తున్నా అది ఆ లెక్కలోకి రాదు. పులుల అడవిలో టవర్ల మీద టవర్లు వేయాలని నేను కోరను. దారిలో ఒకటి రెండు చోట్ల, అదీ ఇప్పటికే మనుషులుండే చింతల, తుమ్మలబయలు దగ్గర, అత్యవసర ఫోన్ పెట్టినా ఎంతో ధైర్యం.

శివరాత్రికి, ఉగాదికి ఈ అడవి నిండా మంచినీళ్ల పందిళ్లు, వైద్య శిబిరాలు, పోలీసులు ఉంటారు. కన్నడ భక్తులు నాగలూటి మీదుగా కైలాసద్వారం దాకా కాలినడకన వచ్చేటప్పుడు కూడా పలకరించే మనిషి దొరుకుతాడు. మిగిలిన రోజుల్లో, అందులోనూ వానాకాలం సాయంత్రాల్లో, ఈ రోడ్డు మీద అరగంటకో బండి. ఏర్పాట్లు కావాల్సింది ఆ రోజులకే.

రెండు గేట్ల దగ్గరా, తెలంగాణ వైపు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర కూడా, ఒక బోర్డు వెంటనే పెట్టవచ్చు: ఏ కిలోమీటరు రాయి నుంచి ఏ రాయి దాకా ఫోన్ పనిచేయదు, సాయం కోసం దగ్గర్లో మనిషి ఎక్కడ దొరుకుతాడు, దోర్నాలలో మెకానిక్కుల నంబర్లేమిటి అని. కార్తీకమాసం రద్దీ మొదలయ్యేలోపే ఈ పని జరిగేలా అధికారులు చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, ఒంగోలు