వంట పుస్తకాల బొమ్మలు

విజయవాడ

ప్రియమైన మిత్రమా,

మొన్న ఆదివారం లెనిన్ సెంటరులో పాత పుస్తకాల కొట్ల వెంట తిరుగుతుండగా, పోటీ పరీక్షల గైడ్ల దొంతర కింద, 1950లో అమెరికాలో వెలువడిన బెటీ క్రాకర్ పిక్చర్ కుక్ బుక్ ప్రతి ఒకటి అట్ట ఊడి కనిపించింది. బేరమాడకుండా కొనేశాను. బెటీ క్రాకర్ అనే మనిషి ఎవరూ లేరు, అది పిండి మిల్లు కంపెనీ వారు 1921లో కల్పించుకున్న పేరు.

రంగుల పుటలు తిరగేస్తుంటే అమ్మ కళ్లజోడు సవరించుకుని, "ఇవి తినడానికి చేసినవేనా?" అని అడిగింది. ఆమె అనుమానం ఉత్తది కాదు. అప్పటి రంగుల ఫిల్ముకు విపరీతమైన వెలుతురు కావాలి, ఆ దీపాల వేడికి ఐస్‌క్రీం నిలవదు కనుక, ఫొటోలు తీసేవారు దాని స్థానంలో మెదిపిన బంగాళాదుంప ముద్దను పెట్టడం మామూలే. ఈ సంగతి చెప్పగానే అమ్మ, "మరి కూర అనే రాయకపోయారా!" అంది.

నాకు మాత్రం గీతల బొమ్మల మీదే మక్కువ. అదే 1950లో లండనులో ఎలిజబెత్ డేవిడ్ మధ్యధరా వంటల పుస్తకానికి జాన్ మింటన్ సముద్రతీరాలనూ, నిండిన భోజనపు బల్లలనూ గీశాడు. 1954 దాకా రేషను తప్పని దేశంలో ఆ బొమ్మలు వంట నేర్పలేదు గాని, నోరూరించి ఉంటాయి.

నేర్పే బొమ్మలు చూడాలంటే 1961లో జూలియా చైల్డ్, మరి ఇద్దరు కలిసి రాసిన ఫ్రెంచి వంటల పుస్తకం చూడు. ఆమె భర్త పాల్ ఆమె భుజం వెనక నిలబడి చేతులను ఫొటోలు తీస్తే, వాటిని చూసి సిడోనీ కోరిన్ బొమ్మలు వేసింది. అందుకే కత్తి మన చేతిలోనే ఉన్నట్టుంటుంది. ఫొటోలో నీడా, మెరుపూ, వెనకాల గిన్నే అన్నీ పడతాయి. గీసేవారు వేలినీ, కత్తినీ, ముక్కనూ ఉంచుకుని తక్కినవి వదిలేస్తారు.

పోయిన సంక్రాంతికి అమ్మ కజ్జికాయ అంచు మడిచే ఫొటో పంపితే, "చేయి కనిపిస్తోంది గాని మడత కనిపించడం లేదు" అని నీవు విసుక్కున్నావు, గుర్తుందా? నేను ఎదురుగా కూర్చుని తీశాను మరి! నిన్న ఆమె భుజం వెనక నిలబడి ఆరు ఫొటోలు తీసి, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వాటిని చూసి బొమ్మలు నీవు వేయాలి. నాలుగో దానిలో బొటనవేలు పిండిలో కూరుకుపోయింది, అది నీవే ఊహించుకుని గీయి.

ఇట్లు,
నీ మిత్రుడు