మంచం దాకా పెన్షన్ వస్తోంది, వెంట ఒక నర్సమ్మను కూడా పంపండి: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారం.

ఇది సోమవారం అర్జీల రోజున వచ్చి చెప్పుకోవాల్సిన సంగతి. కానీ మంచంలో ఉన్న మనిషిని వదిలేసి పూటంతా కలెక్టరేట్‌లో కూర్చోగలిగినవాళ్లు మాలో తక్కువ. అందుకే ఇలా రాస్తున్నాం. మేము ఇళ్లలో పెద్దవాళ్లను చూసుకుంటున్నవాళ్లం. మాతో పాటు కొందరు నర్సులు, ఫిజియోథెరపిస్టులు ఉన్నారు.

ఒకటో తారీఖు తెల్లారేసరికి గ్రామ సచివాలయం ఉద్యోగి పెన్షన్ పట్టుకుని ఇంటికొస్తున్నారు. వృద్ధాప్య పెన్షన్ 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000 రూపాయలు. సీతారామపురం కొండల కింది పల్లె అయినా, ఇందుకూరుపేట తీరాన ఉన్న పల్లె అయినా ఇదే పద్ధతి. వేలిముద్ర పడకపోతే కనుపాప, అదీ పడకపోతే ముఖం చూస్తున్నారు. అంటే సర్కారు నెలకొకసారి మంచం దాకా రాగలుగుతోంది. ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ మనిషి నడుము కింద పుండు పడిందేమో చూసేవాళ్లు లేరు. రోజంతా పక్కకు తిప్పి పడుకోబెట్టే కోడలి నడుము ఎలా ఉందని అడిగేవాళ్లు అసలే లేరు.

అసలు చిక్కు డిశ్చార్జి రోజున మొదలవుతుంది. పక్షవాతం వచ్చినవాళ్లను, తుంటి విరిగినవాళ్లను కొద్ది రోజులకే ఇంటికి పంపేస్తారు. ముక్కులో ఒక పైపు, మూత్రానికి ఒక పైపు, చేతిలో మందుల చీటీ. "జాగ్రత్తగా చూసుకోండమ్మా" అంటారు. ఆ జాగ్రత్త ఏమిటో చెప్పే తీరిక వార్డులో ఎవరికీ ఉండదు. వాళ్లను తప్పుపట్టడం లేదు, ఉన్న స్టాఫ్ అంతే. కానీ ఆ చెప్పని మాటల వల్లే చాలామంది మళ్లీ ఆసుపత్రికి చేరేది.

ముక్కు పైపు సంగతే చూడండి. పైపులో ఏది పోసినా తల వైపు బాగా ఎత్తి, దాదాపు కూర్చున్నట్టు పెట్టాకే పోయాలి. ఒక విడతకు 200 నుంచి 250 మిల్లీలీటర్లు చాలు. పోశాక కనీసం అరగంట, వీలైతే గంట అలాగే ఉంచాలి. తొందరపడి వెల్లకిలా పడుకోబెడితే జావ ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది. పైపు ముక్కు అంచు దగ్గర ఎక్కడుందో పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తు బయటికి జరిగి కనిపిస్తే చుక్క కూడా పోయకూడదు. రాగిజావను పల్చటి గుడ్డలో వడకట్టకపోతే పైపు మూసుకుపోతుంది. ముందు, తర్వాత 30 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు పోస్తే ఆ ఇబ్బంది రాదు. మాత్రలు నూరి పోస్తారు కదా, పేరు పక్కన ఎస్‌ఆర్ అనో ఎక్స్‌ఆర్ అనో ఉన్న మాత్రను నూరితే రోజంతా మెల్లగా పనిచేయాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. షుగర్, బీపీ మాత్రల్లో ఇలాంటివి బోలెడు. ఈ ఒక్క ముక్క డిశ్చార్జి చీటీ మీద ఎర్ర ఇంకుతో రాసివ్వడానికి ఖర్చేముంది?

ఇక మూత్రం పైపు. సంచీ ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందే ఉండాలి, నేలకు మాత్రం ఆనకూడదు. ఆటోలో తీసుకెళ్లేటప్పుడు సంచీని ఒళ్లో పెట్టుకోవడం దాదాపు అందరూ చేసే పొరపాటు. దాంతో మురికి మూత్రం వెనక్కి మళ్లుతుంది, రెండో రోజు చలిజ్వరం. మామూలు రబ్బరు పైపును రెండు నుంచి నాలుగు వారాల్లో మార్చాలి. పూర్తి సిలికాన్‌ది అయితే మూడు నెలల దాకా ఉంచవచ్చు. ధరలో తేడా కొన్ని వందలే గానీ ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి కారు మాట్లాడుకుంటే అయ్యే ఖర్చు వేలల్లో ఉంటుంది. దాదాపు వంద కిలోమీటర్లు పోను, వంద రాను. పైపు మార్చే పని పావుగంట. ఆ పావుగంట కోసం మంచంలో ఉన్న మనిషిని దించి, ఎక్కించి, ఎండలో తిప్పలేక చాలామంది ఊళ్లో ఆర్‌ఎంపీతో మార్పించుకుంటారు. గ్లోవ్స్ మార్చకుండా, లోపలి బుడగలో సరిపడా నీళ్లు ఎక్కించకుండా చేస్తే రక్తం పడుతుంది, లేదా పైపు జారిపోతుంది. గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో నర్సింగ్ చదివిన సీహెచ్‌ఓలు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు) ఉన్నారు. వాళ్లకు పెద్దాసుపత్రిలో కొద్ది రోజులు చేతితో చేయించి, పైపులు మార్చడానికి రాతపూర్వకంగా అనుమతి ఇప్పించండి. ఇప్పుడు "మా పని కాదు" అంటున్నారంటే, రేపు ఏమన్నా అయితే తమ మీదికి వస్తుందన్న భయమే కారణం. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేస్తే మంచి సలహా ఇస్తారు. పైపు మార్చడానికి మాత్రం మనిషే రావాలి.

ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో 104 బండితో పాటు డాక్టరు ప్రతి సచివాలయానికీ నెలకు రెండుసార్లు రావాలి, లేవలేనివాళ్లను ఇంటికెళ్లి చూడాలి. ఏర్పాటు బాగానే ఉంది. జరిగేది మాత్రం బీపీ చూడటం, షుగర్ చూడటం, రిజిస్టర్‌లో రాసుకోవడం. ఆ బండిలో పైపులు మార్చే సామాను, పుండ్లకు కట్టు కట్టే సామాను పెట్టించండి.

పడక పుండు సంగతి కొంచెం వివరంగా చెబుతాం, ఎందుకంటే దీనికి చేసే తప్పుడు వైద్యమే ఎక్కువ. నడుము కింద, పిర్రల దగ్గర, మడమల మీద చర్మం ఎర్రబడితే వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయం ఉంది. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు తెలియదు కాబట్టి వేడినీ, గట్టిదనాన్నీ తడిమి చూడాలి. అక్కడ నూనె రాసి మర్దన చేస్తారు, పౌడర్ చల్లుతారు, గాలి రింగు పెడతారు. మూడూ చెరుపే. రింగు చుట్టూ రక్తం ఆగిపోయి మధ్యభాగం మరింత చెడుతుంది. చేయాల్సింది రెండు గంటలకొకసారి పక్క మార్చడం. పూర్తిగా పక్కకు దొర్లించకుండా, వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా వాల్చితే చాలు. పిక్కల కింద మరో దిండు పెడితే మడమలు గాల్లో ఉంటాయి. పైకి జరపాలంటే చంకల్లో చేతులు వేసి ఈడ్చకూడదు. పాత నూలు చీర నాలుగు మడతలు వేసి భుజాల నుంచి తొడల దాకా కింద పరిచి, చెరో పక్కా ఇద్దరు పట్టుకుని ఎత్తి జరపాలి. పక్షవాతంతో పడిపోయిన చేతిని పట్టి లాగితే భుజం కీలు జారుతుంది. ఆ నొప్పికి ఇక వ్యాయామం కూడా చేయనివ్వరు.

గాలి పరుపు కొన్నవాళ్లకూ పుండ్లు వస్తున్నాయి. కారణం చూస్తే, దాన్ని నులక మంచం మీదో నవారు మంచం మీదో వేస్తారు. మంచం మధ్యలో కుంగడంతో నడుము నేరుగా నవారుకు తగులుతుంది. కింద చదునుగా చెక్క ఉండాలి. దాని మీద పల్చటి దుప్పటి ఒక్కటే వేయాలి, రబ్బరు షీటూ బొంతా పరిస్తే పరుపు ఉన్నా లేనట్టే. పంపు మీద బరువును బట్టి తిప్పే మర ఉంటుంది. సరిపోయిందో లేదో తెలియాలంటే మనిషి పిర్రల కింద, పరుపుకు అడుగున అరచెయ్యి పెట్టి చూడాలి. ఎముక చేతికి తగులుతుంటే గాలి చాలనట్టు. కరెంటు పోతే చవకరకం పరుపుల్లో గాలి మెల్లగా దిగిపోతుంది, అప్పుడు గంటకోసారి పక్క మార్చాలి.

వేసవి మన జిల్లాలో వేరే పరీక్ష. పక్క తడుస్తుందని, కోడలిని పదేపదే పిలవాల్సి వస్తుందని పెద్దవాళ్లు నీళ్లే తాగరు. దాంతో మలం గట్టిపడి లోపల అడ్డం పడుతుంది, దాని పక్కల నుంచి నీళ్లలా కారుతుంది. ఇంట్లో అది విరేచనాలనుకుని ఆపడానికి మాత్ర వేస్తారు, మనిషి ఇంకా దిగజారతాడు. నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా తికమకగా మాట్లాడితే "వయసు మీద పడింది" అని ఊరుకుంటారు. చాలాసార్లు అది మూత్రంలో ఇన్‌ఫెక్షనో ఒంట్లో నీళ్లు తగ్గడమో అయి ఉంటుంది, వైద్యానికి లొంగుతుంది. ఇవన్నీ ఆశా కార్యకర్తకు అరపూటలో నేర్పదగ్గ సంగతులు.

కాబట్టి మా మొదటి విన్నపం డబ్బు గురించి కాదు. పెద్దాసుపత్రిలో గానీ, కావలి, ఆత్మకూరు ఆసుపత్రుల్లో గానీ, పైపులతో ఇంటికి వెళ్లే ప్రతి పేషెంటు ఇంటివాళ్ల చేత రెండు పూటలు దగ్గరుండి ఈ పనులు చేయించాలి. వాళ్లు తమ చేతులతో చేసి చూపించాకే డిశ్చార్జి చేయాలి.

సామాను విషయం. వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కట్టుడు పళ్లు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. క్యాంపులో కొలతలు తీసుకుంటారు, మరో రోజు పంచుతారు. ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు. కుర్చీ తలుపులో పట్టదు. వాకర్ కాళ్ల రబ్బరు బుడిపెలు అరిగి గచ్చు మీద జారుతుంటే, నాలుగు బుడిపెలు కొనడానికి ఊళ్లో దొరకవు, జారిపడితే తుంటి విరుగుతుంది. మరోపక్క, చనిపోయినవాళ్ల కుర్చీలు గొడ్ల చావిట్లో తుప్పు పడుతున్నాయి. మండలానికొక చోట, పీహెచ్‌సీలో ఒక గది ఇచ్చి, గాలి పరుపులు, కమోడ్ కుర్చీలు, వాకర్లు వాడుకుని తిరిగిచ్చేలా అరువుకు పెట్టించండి. రిజిస్టర్ ఒకటి, బుడిపెలు, బ్రేకు తీగలు కాసిని ఉంటే చాలు. నిధులెక్కడివి అంటారేమో. పొదలకూరు వైపు గనులున్న జిల్లా మనది. జిల్లా ఖనిజ నిధికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో వృద్ధుల, దివ్యాంగుల సంక్షేమం ముఖ్య రంగాల్లోనే ఉంది.

మరొకటి, చూసుకునేవాళ్లకు కాస్త విడుపు. చాలా ఇళ్లలో ఈ పని చేసేది కోడలు, లేదా తానూ అరవై దాటిన భార్య. ఆమెకు కంటి ఆపరేషన్ రాసినా వాయిదా వేసుకుంటుంది, ఎందుకంటే ఆ వారం మంచంలో మనిషిని చూసేదెవరు? కొడుకులు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. ఉదయగిరి, ఆత్మకూరు, కావలి ఆసుపత్రుల్లో రెండేసి మంచాలు వారం పది రోజుల పాటు ఇలాంటి పెద్దవాళ్ల కోసమే కేటాయించండి. దరఖాస్తులో "కారణం" అన్న చోట "చూసుకునే మనిషికి విశ్రాంతి" అని రాసినా ఒప్పుకోవాలి.

డబ్బు మాటా చెప్పక తప్పదు. డైపర్లు రోజుకు మూడు, ఒక్కోటి 30, 40 రూపాయలు, నెలకు సుమారు మూడు వేలు అవుతుంది. 4,000 పెన్షన్‌లో మిగిలేది మందులకు చాలదు. పైగా చూసుకునే మనిషి కూలికీ వెళ్లలేదు, ఉపాధి పనికీ వెళ్లలేదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 24వ సెక్షన్‌లో ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం గురించి స్పష్టంగా ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం పేరిట నెలకు 600 రూపాయలు సంరక్షకులకు ఇచ్చే పథకం ఉంది. చిన్న మొత్తమే, కానీ ఆ పనిని పనిగా లెక్కపెట్టారు. ఇది మీ చేతిలో లేదని తెలుసు. ప్రభుత్వానికి మీరు రాసే సిఫార్సుకు విలువ ఉంటుంది.

మీ చేతిలో ఉన్నది ఒకటుంది. 15,000 పెన్షన్ కావాలంటే సదరం (వైకల్య ధ్రువపత్రం కోసం చేసే పరీక్ష) స్లాటు తీసుకుని మనిషిని ఆసుపత్రికి మోసుకెళ్లాలి. 2025 జనవరిలో అదే పెన్షన్లను తనిఖీ చేయడానికి డాక్టర్ల బృందాలు ఇంటింటికీ వచ్చాయి. తీసేయడానికి చూసే పనికి ఇంటికి రాగలిగినవాళ్లు, ఇవ్వడానికి చూసే పనికీ రాగలరు కదా.

పిల్లలు వదిలేసిన పెద్దవాళ్ల కోసం 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది, ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ ఉంది. పోషణ భత్యం అర్జీ 90 రోజుల్లో తేల్చాలి, మహా అయితే మరో 30 రోజులు. లేవలేని మనిషిని వాయిదాలకు రమ్మంటే ఆ గడువుకు అర్థం లేదు, విచారణ సచివాలయంలోనో ఇంటి దగ్గరో పెట్టించండి. రిజిస్ట్రార్ ఆఫీసుల్లో గిఫ్టు దస్తావేజు రాసేటప్పుడు "పోషించాలి" అన్న షరతు రాయించుకోవాలని తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. ఆ చట్టం 23వ సెక్షన్ కింద ఆస్తి వెనక్కి రావాలంటే ఆ వాక్యమే ముఖ్య ఆధారం.

అన్నీ ఒకేసారి కాకపోతే ఉదయగిరి మండలంతో మొదలుపెట్టండి. జాబితా కోసం కొత్త సర్వే అక్కర్లేదు. 15,000 రూపాయల పెన్షన్ల రిజిస్టర్ ఉంది. 4,000 తీసుకుంటున్నవాళ్లలో మంచం దిగలేనివాళ్లెవరో ఒకటో తారీఖున ఇంటికెళ్లే ఉద్యోగికి కళ్లారా తెలుసు, పేరు పక్కన ఒక టిక్కు పెట్టమంటే సరిపోతుంది. ఆ టిక్కులున్న ఇళ్లకు వారంలోగా సీహెచ్‌ఓ వెళ్లాలి.

ఈ లేఖ ప్రతులు జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి, పెద్దాసుపత్రి సూపరింటెండెంట్‌కు, ఆర్డీఓలకు పంపుతున్నాం. శిక్షణకు అవసరమైతే మాలోని నర్సులు, ఫిజియోథెరపిస్టులు ఆదివారాలు వచ్చి నేర్పడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
నెల్లూరు జిల్లాలో ఇళ్ల దగ్గర పెద్దవాళ్లను చూసుకుంటున్నవాళ్లు