చింతపండుతో తోమిన డైములు

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత నాణెం ఉంటే లక్షలొస్తాయని పేపర్లలో, వాట్సాప్‌లో తెగ వస్తున్నాయి గానీ, ఏ టంకశాలది, ఎట్లా ఉంటే అంత పలుకుతుందో మాత్రం ఎవరూ రాయరు. మా ఇంట్లో జరిగింది చెప్తా.

అమెరికాలో ఉండే మా మేనల్లుడు దసరాకు హన్మకొండ వచ్చినప్పుడు పాత డైములు ఒక పొట్లంలో తెచ్చాడు. డైము అంటే వాళ్ల పది సెంట్ల బిళ్ల, మన రూపాయి కంటే చిన్నది, 1964 దాకా కొట్టినవాటిలో 90 శాతం వెండే. అందులో ఒకటి 1916ది, రెక్కల టోపీ బొమ్మది, మెర్క్యురీ డైమంటారు. మా బావ ఫోన్లో ధర చూసి ఎగిరి గంతేశాడు. తీరా తిప్పి చూస్తే వెనక 'వన్' అన్న మాట పక్కన ఉండాల్సిన 'డి' లేదు. ఆ అక్షరముంటే డెన్వర్‌లో కొట్టినట్టు, ఆ ఏడాది అక్కడ చేసినవి 2,64,000 మాత్రమే. ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియాది, అవి 2 కోట్ల 20 లక్షల పైనే. ఏడాది ఒకటే, బొమ్మ ఒకటే, ధరలో మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా! (ఆ 'డి'ని అతికించి అమ్మే ఘనులూ ఉన్నారట.)

మేమిట్లా వాదించుకుంటుంటే మా అమ్మ మిగతావన్నీ తీసుకుపోయి, దేవుడి సామాన్లతో పాటు చింతపండు పెట్టి తోమేసింది. తళతళలాడుతున్నాయి. వాటిలో 1921 డెన్వర్‌ది ఒకటుంది, అది నిజంగానే దొరకనిది, 10,80,000 మాత్రమే కొట్టారు. పులుపుకు పైపొర పోయింది, పీచుకు సన్నటి గీతలు పడ్డాయి. అరిగినా పర్వాలేదు, నల్లబడినా పర్వాలేదు గానీ తోమినదాన్ని సేకరించేవాళ్లు చూడగానే పక్కన పెడతారు. అమ్మనేమనగలం, ఆమె మంచిదనుకునే చేసింది.

మన నాణేలకూ గుర్తులుంటాయి. ఏడాది కింద చుక్కుంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై, నక్షత్రముంటే మన హైదరాబాద్, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఇంత చిన్న విషయం ఫొటోతో వేస్తే ఎంత బాగుంటుంది! మా పక్కింటాయన దగ్గర ఐదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని ఎవరో ఫోన్లో రెండుసార్లు డబ్బు గుంజారు. ఇట్లాంటి మోసాల గురించి రిజర్వ్ బ్యాంక్ 2021లోనే హెచ్చరించింది, ఆయన దాకా మాత్రం చేరలేదు.

మా అమ్మ దగ్గర నిజాం కాలం నాటి చార్మినార్ బొమ్మ రూపాయిలు నాలుగున్నాయి. దీపావళి దగ్గరికొస్తోంది కదా, వాటిని ఇప్పుడే నా బీరువాలో పెట్టి తాళమేశాను.

– ఒక పాఠకుడు, హన్మకొండ